లాలి అని పాడిన శోకం

పోయిన వారం సంచిక చేతికందనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. చదివినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. సుప్రజ పరువు పోయిన కథ రెండోసారి విన్నా నష్టమేం లేదు.

సూరత్‌లో, హజీరా టౌన్‌షిప్‌లో ఉంటుంది సుప్రజ. భర్త కిరీటి ప్లాంటులో పెద్ద మేనేజరు. ఈవిడ వీణ నేర్చుకుంది, సంగీతంలో పీహెచ్‌డీ చేస్తోంది. పరిశోధనంతా ఒక్క మనిషి మీదే: స్వరకర్త చిట్టూరి సుబ్బరామయ్య. డెబ్భైల్లో ఆయన హంగేరీలో ఒక లోకసంగీత పీఠంలో చాలాకాలం ఉన్నారు. అక్కడ ఏం చేశారో, ఏం కట్టారో ఇక్కడ ఎవరికీ సరిగ్గా తెలీదు. సుప్రజ ఆ పీఠంవాళ్ళకి మెయిల్ మీద మెయిల్ కొట్టి, బతిమాలి, విసిగించి, అటకెక్కిన పాత టేపులన్నిటికీ కాపీలు తెప్పించుకుంది. వాటిలో ఒక పాట ఆవిడ గుండె పట్టేసింది. పీఠంవాళ్ళు దానికి పెట్టిన పేరు 'లాలి'. రచన, స్వరం: సుబ్బరామయ్య. గాత్రం: ఒక స్త్రీ. అంతే, ఆ స్త్రీకి పేరు లేదు.

ఇక ఆగుతుందా? టౌన్‌షిప్ ఆడపిల్లల్ని పోగేసి బృందగానం నేర్పింది. చిన్న పుస్తకం కూడా అచ్చేసింది. పరాయి గడ్డ మీద తెలుగుతల్లి ఒడి తలుచుకుని సుబ్బరామయ్య గారు అల్లిన లాలి అని అందులో రాసింది. అదే సమయానికి తెలుగు సంఘంవాళ్ళకి హజీరా తెలుగువాళ్ళనీ, అదే సూరత్‌లో ఉధ్నా మగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టాలన్న బుద్ధి పుట్టింది. ఉధ్నాలో మగ్గాల మాస్టరుగా పనిచేసే ఓంప్రకాష్‌కీ తిరుమలకీ పెళ్ళైన చాలా ఏళ్ళకి మగపిల్లాడు పుట్టాడు, తొట్టెల ఫంక్షన్, అదే ఉయ్యాల వేడుక, చేస్తున్నారు. ఇంకేం, తొట్టెల దగ్గర లాలి. అంతకన్నా కుదిరేదేముంది?

పిల్లలు పాట ఎత్తుకున్నారు. రెండో చరణానికే ఉధ్నా ఆడవాళ్ళ మొహాలు మారిపోయాయి. నాలుగో చరణానికి పిల్లాడి నాయనమ్మ బుచ్చవ్వ లేచి, తొట్టెల్లోంచి మనవణ్ణి తీసుకుని, గుండెకి అదుముకుని బయటికి నడిచింది. గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, అందరూ వినేలా సుప్రజని ఒకటే అడిగింది: "గీ శోకం నీకు ఎవలిచ్చిండ్రు బిడ్డా?"

అక్కడ ఆగాం మనం.

ఆ రాత్రి సుప్రజకి నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? తెల్లారేసరికి టౌన్‌షిప్ వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చేసింది. కింద ఎవరో బొమ్మలు పెట్టారు, ఎవరో 'పాపం సుప్రజ గారు' అన్నారు. తిట్టినా బావుండేది గానీ ఆ పాపం అన్న మాట ఆవిడకి కారం రాసినట్టయింది. లిఫ్టులో ఎదురైన పక్కింటావిడ అసలేమీ జరగనట్టు కూరగాయల ధరలు మాట్లాడింది. సుప్రజకి తల కొట్టేసినట్టయింది.

కిరీటి మంచివాడే. పెళ్ళాం మొహం చూసి జాలిపడ్డాడు కూడా. కానీ మేనేజరు కదా, ఏ గొడవనైనా తేల్చి ఫైలు మూసేయడం అలవాటు. ఒక మంచి చీర, స్వీట్ల డబ్బా, పిల్లాడికి వెండి గిన్నె డ్రైవరుతో పంపించెయ్యమన్నాడు. పల్లెల్నించి వచ్చినవాళ్ళ నమ్మకాలు అలాగే ఉంటాయి, మనం పట్టించుకోకూడదు అన్నాడు. పుస్తకం ఇక్కడ పంచావు సరే, అసలు ఆవిష్కరణ వచ్చే నెల హైదరాబాద్‌లో ఉంది, దాని సంగతి చూసుకో అని కూడా అన్నాడు. సుప్రజ తలూపింది.

అయితే ఆవిడ సిగ్గు రెండు రకాలని కిరీటికి తెలీదు. ఒకటి ఊరందరికీ తెలిసింది: శుభమా అని తొట్టెల వేస్తుంటే చావుపాట పాడించింది. అది పొరపాటు. పొరపాటుకి లెంపలేసుకుంటే సరిపోతుంది. రెండోది ఆవిడకి, ఆవిడ లాప్‌టాప్‌కి మాత్రమే తెలుసు. దాన్ని పొరపాటు అనడానికి లేదు.

ఆ టేపు మొత్తం వినడానికి పావుగంట పడుతుంది. సుప్రజ పిల్లలకి నేర్పింది, పుస్తకంతో పాటు అందరికీ పంచింది అందులో చివరి నాలుగు నిమిషాలు. ముందున్నదంతా కోసేసింది. ఎందుకు కోసిందంటే, అందులో ఒక ఆడమనిషి ఏడుస్తోంది. ఏడుస్తూ ఏదో వేడుకుంటోంది. మధ్యలో ఒక మగగొంతు సముదాయిస్తోంది. ఆ గొంతు సుబ్బరామయ్య గారిదే, సుప్రజ ఆయన ఇంటర్వ్యూలు వందసార్లు విన్న మనిషి, గుర్తుపట్టడానికి ఒక్క మాట చాలు. మొదటిసారి విన్నప్పుడు చెవుల్లోంచి హెడ్‌ఫోన్స్ తీసేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. పాటగత్తెలకి ఇలాంటి గొడవలు మామూలే అని తనకి తనే చెప్పుకుంది. ఆమె భాష తనకి పూర్తిగా అర్థం కాలేదని కూడా చెప్పుకుంది. అర్థం కాకపోవడానికి ఆమె మాట్లాడింది హంగేరీ భాష కాదు, తెలంగాణ తెలుగు. సిరిసిల్ల పక్క ఏ ఊరికి వెళ్ళినా పిల్లా పెద్దా మాట్లాడేదే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆ ఏడుపు ముక్కని మౌసుతో పట్టి డిలీట్ కొట్టింది. ఉంచితే ఈవిడెవరు అని అడుగుతారు. ఎవరు అంటే, ఈ పాట ఎవరిది అని అడుగుతారు. అప్పుడు పుస్తకం ఏం కావాలి, ఇన్నేళ్ళ పరిశోధన ఏం కావాలి?

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

వెండి గిన్నె కొనలేదు సుప్రజ. కారు వద్దని, ఆటో ఎక్కి ఉధ్నా వెళ్ళింది. ఫోన్లో పాట రెండు రకాలుగానూ ఉంది, కోసింది ఒకటి, కోయనిది ఒకటి.

ఓంప్రకాష్ వాళ్ళది కార్ఖానా మీద అద్దె గది. మెట్లెక్కుతుంటేనే మగ్గాల హోరు కాళ్ళలోంచి పైకి ఎక్కుతుంది. ఆ ఇంట్లో గిన్నెలు కూడా సన్నగా అదురుతూ ఉంటాయి, అలవాటైనవాళ్ళకి తెలీదు. తలుపు తీసిన తిరుమల లోపలికి రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పక్కకి జరిగింది. రాత్రినుంచి పిల్లాడికి ఒళ్ళు వెచ్చగా ఉందని, డాక్టరు జలుబే అన్నాడని, కానీ వాడకట్టు ఆడవాళ్ళు పొద్దున్నుంచీ వచ్చి ఒక్కొక్కరు ఒక్కో మాట అని పోతున్నారని చెప్పింది. చెప్తున్నంతసేపూ నేలనే చూసింది. మీవల్లే అని ఒక్క ముక్క అనలేదు. సుప్రజకి నేల చీలితే అందులోకి పోదామనిపించింది. కానీ కింద ఉన్నది మగ్గాలు, అక్కడ కూడా తెలుగువాళ్ళే.

ఓంప్రకాష్ ఊరుకోలేదు. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, కోపం వస్తే నోట్లోంచి మూడు భాషలూ కలిసి వస్తాయి. తాము హజీరావాళ్ళని పిలవలేదని, వాళ్ళే ఫోటోల కోసం వచ్చారని, పిలవని పేరంటానికి వచ్చి ఇంత ఫాల్తూ పని చేసి పోతారా అని, మళ్ళీ ఇవ్వాళ ఏ మొహం పెట్టుకొచ్చారని అడిగాడు. సుప్రజ నిలబడే ఉంది. అన్నదంతా నిజమే.

"ఓంప్రకాషూ, నువ్వు డూటీకి పో," అంది బుచ్చవ్వ లోపల్నించి. "నాకోసం అచ్చింది గామె."

వాడు పోలేదు గానీ గుమ్మంలోకి జరిగి, గోడకానుకుని నిలబడ్డాడు.

బుచ్చవ్వకి అరవై దాటాయి. సన్నటి మనిషి. మనవణ్ణి ఒళ్ళో వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. సుప్రజని కూర్చోమంది. సుప్రజ కింద చాప మీద కూర్చోబోతే వద్దు వద్దని కుర్చీ చూపించింది. తప్పు చేసి వచ్చినవాళ్ళకి మర్యాద చేస్తే అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. సుప్రజ చాప మీదే కూర్చుంది.

తప్పైపోయిందమ్మా, లాలి అనుకున్నాను అంది. ఇంట్లో పొద్దున్నుంచీ తయారు చేసుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి గానీ, ఆ రెండు ముక్కలే బయటికి వచ్చాయి.

బుచ్చవ్వ ఆ మాటని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ఆవిడకి కావలసింది వేరే. శోకం అనేది ఒక్క చావుకి ఒక్కటే ఉంటుందని, ఒక మనిషి తీసిన శోకం ఇంకో మనిషి పాడరని నెమ్మదిగా చెప్పింది. అందులో పోయినవాళ్ళ పేర్లుంటాయి, వాళ్ళ ఆటలుంటాయి, వాళ్ళ వస్తువులుంటాయి. నిన్న పిల్లలు పాడినదాంట్లో బుచ్చక్క అన్నారు. మువ్వల మొలతాడు అన్నారు.

పాట ఇలా ఉంటుంది, వినండి:

బుచ్చక్క సంకల ఊగినవు కొడుక
మువ్వల మొలతాడు మోగదే కొడుక
తొట్టెలూపే చెయ్యి దూరమాయె కొడుక
నిండు నిద్దరబోతె లేపేది ఎవలు కొడుక

సుప్రజ తన పుస్తకంలో వీటికి వివరణ కూడా రాసింది. బుచ్చక్క అంటే జానపదాల్లో ఏ అక్కకైనా పెట్టే ముద్దుపేరట. తొట్టెలూపే చెయ్యి దూరమైందంటే, దేశానికి దూరమైన స్వరకర్త బెంగట. చదువుకున్నవాళ్ళం కదా, అర్థం చెప్పకుండా ఒక్క మాటని కూడా వదిలిపెట్టం.

"బుచ్చక్క నేనే బిడ్డా," అంది బుచ్చవ్వ. "మొలతాడు మా తమ్మునిది. లింగం. మా అమ్మ మెడల బంగారు గుండ్లు అమ్మి చేపిచ్చింది."

తర్వాత ఆవిడ చెప్పిందంతా నేను చెప్తాను, ఎందుకంటే ఆవిడ చాలాసార్లు ఆగింది.

వాళ్ళమ్మ పేరు ఆగవ్వ. ఊళ్ళో నాట్లకీ, పెళ్ళిళ్ళకీ పాటంటే ఆమే. ఒకసారి పట్నం నుంచి ఒక సారు వచ్చి విన్నాడు. నలుగురు పాటగాళ్ళని దేశం కాని దేశం తీసుకుపోతా, మూడు నెలల్లో తెచ్చి దించుతా అన్నాడు. బుచ్చవ్వ తండ్రి ఒప్పుకున్నాడు. పాలు తాగే లింగాన్ని తొమ్మిదేళ్ళ బుచ్చి చేతిలో పెట్టి ఆగవ్వ విమానం ఎక్కింది. మూడు నెలలన్నది ఏడాదికి దగ్గరపడింది. ఆ మధ్యలో లింగానికి జ్వరం వచ్చింది. తండ్రి మగ్గం మీద ఉన్నాడు. పిల్లాడు పడుకున్నాడనుకుని బుచ్చి తొట్టెల ఊపుతూనే ఉంది. పొద్దుగూకి ఇంటికొచ్చిన తండ్రి దాని చేయి పట్టుకుని ఆపాడు.

బడిపంతులు చేత తార్ కొట్టించారు, తార్ అంటే టెలిగ్రామే. అందిందో లేదో ఎవరికీ తెలీదు. ఆగవ్వ తర్వాత ఎప్పుడో వచ్చింది. తల్లి వస్తుందని వినగానే బుచ్చి మేనత్త ఊరికి పరుగెత్తింది, అమ్మ చంపేస్తుందని భయం. ఆగవ్వ అక్కడికీ వచ్చింది. వచ్చి, బిడ్డని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏదో అంటుందేమోనని చాలాసేపు చూసింది. ఏడవలేదు. తిట్టలేదు. లింగం పేరు ఎత్తలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఎత్తలేదు, పాట కూడా పాడలేదు. కొడుకుని విడిచి విమానమెక్కి షోకులు చేసి వచ్చిందని ఊళ్ళో అన్నారు. బుచ్చవ్వ కూడా అదే నమ్మింది. బిడ్డ చచ్చిపోతే కళ్ళనీళ్ళు పెట్టని తల్లి ఏం తల్లి అనుకుంది. పెళ్ళై సూరత్ వచ్చేశాక ఎప్పుడో తప్ప ఊరికి పోలేదు. తల్లి చివరిరోజుల్లో రమ్మని కబురొస్తే, మగ్గాలు వదిలి రాలేనని చెప్పించింది.

"నిన్న పాట ఇన్నంక తెలిసింది," అంది బుచ్చవ్వ. "మా అమ్మ ఏడ్సింది. నాకు కనబడకుంట, ఆడ ఏడ్సింది. జర గా గొంతు నాకు ఇనిపిస్తవా?"

సుప్రజ ఫోన్ తీసింది. మగ్గాల హోరులో స్పీకర్ ఏ మూలకీ వినపడదు. ఓంప్రకాష్ తన ఇయర్‌ఫోన్స్ తెచ్చి తల్లి చెవుల్లో పెట్టాడు. కోపం ఇంకా తగ్గలేదు గానీ వాడికీ అమ్మమ్మే కదా.

తెర మీద రెండు పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. సుప్రజ బొటనవేలు కోసినదాని మీద పడింది. పడింది అంటున్నాను గానీ, బొటనవేలికి ఏం తెలుసు? ఆవిడే పెట్టింది.

బుచ్చవ్వ వింది. మొదటి చరణానికే కళ్ళు మూసుకుంది. మనవడి వీపు మీద చెయ్యి ఆగిపోయింది. చెంపల మీద నీళ్ళు తుడుచుకోలేదు.

"అమ్మనే," అంది చివరికి. "గిట్లనే పాడేది." తర్వాత చిన్నపిల్లలా అడిగింది, "పాటొక్కటేనా? ఇంకేమన్న మాట్లాడిందా అమ్మ?"

"లేదమ్మా," అంది సుప్రజ.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. ముందే నాలుక మీద పెట్టుకుని వచ్చినట్టు వచ్చేసింది. దొంగకి తేలు కుట్టినట్టు తర్వాత ఆవిడ బిగుసుకుపోయి కూర్చుంది.

బుచ్చవ్వ తలూపింది. ఉన్నదే చాలనుకునే మనిషి. పిల్లాణ్ణి కోడలికి అందించింది. నిన్న నలుగుర్లో నీ ఇజ్జత్ తీసిన, మనసుల పెట్టుకోకు అని సుప్రజకే క్షమాపణ చెప్పింది. చచ్చిన అమ్మని తెచ్చిచ్చినవ్ అంది. అని, మంచం దిగి, వంగింది. ఏం చేస్తోందో సుప్రజకి ముందు అర్థం కాలేదు. ఆ చేతులు తన కాళ్ళకి తగులుతున్నాయని తెలిసేసరికి నిప్పు మీద కాలు పడ్డట్టు వెనక్కి జరిగింది.

తల్లి వయసు మనిషి. అబద్ధం విని, ఆ అబద్ధానికి దండం పెడుతోంది.

సిగ్గు అంటే ఏమిటో సుప్రజకి ఆ క్షణం వరకూ తెలీదనే చెప్పాలి. నిన్నటినుంచీ పడుతున్నది సిగ్గు కాదు, నలుగురు ఏమనుకుంటారో అన్న బెంగ. ఇప్పుడు వచ్చింది అసలుది. వాట్సాప్‌లో ఎవరూ దీన్ని పెట్టరు, ఎవరూ పాపం అనరు. కిరీటికి కూడా తెలియనక్కర్లేదు. అయినా ఒళ్ళంతా మంట పుట్టింది. బుచ్చవ్వ చేతులు పట్టుకుని పైకి లేపింది.

"నా కాళ్ళు ముట్టుకోకండమ్మా. ఇంకా ఉంది. ఆవిడ మాట్లాడారు. నేను అబద్ధం చెప్పాను."

గుమ్మంలో ఓంప్రకాష్ నిటారుగా నిలబడ్డాడు. తిరుమల తలెత్తి, వచ్చినప్పటినుంచి మొదటిసారి, సుప్రజ మొహంలోకి చూసింది.

బుచ్చవ్వ మంచం మీద కూర్చుని, జారిపోయిన ఇయర్‌ఫోన్ తనే మళ్ళీ చెవిలో పెట్టుకుంది. సుప్రజ రెండోది నొక్కింది.

వింటున్నది బుచ్చవ్వ ఒక్కతే. కానీ సుప్రజకి ఆ పావుగంట కంఠతా వచ్చు. ఎక్కడ ఏముందో ఆ మొహం చూస్తూ చెప్పగలదు. ఇదిగో, పాట మొదలైంది. ఇది రేడియోలో వేసేలాంటి పాట కాదు, గొంతు చీరుకుపోయి, ఊపిరి అందక, మధ్యమధ్యలో తెగిపోయే పాట. ఇదిగో, మూడో చరణంలో ఆగిపోయింది. ఇక వట్టి ఏడుపే. బుచ్చవ్వ రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి, ఇంకా దగ్గరగా అదుముకోవడానికి.

ఇప్పుడు మగగొంతు. మెత్తగా, మర్యాదగా, సభల్లో మాట్లాడినట్టే. "చాలా బాగా వచ్చిందమ్మా. ఇంకొక్కసారి మొదటినుంచీ. ఈసారి ఏడుపు లేకుండా."

"సారూ, తార్ అచ్చి నాలుగొద్దులాయె. నన్ను పంపున్రి."

"పంపుతానన్నాగా. ఈ పని పూర్తి కానీ."

"పోయినోడు ఎట్లనో పోయిండు సారూ. పిల్లది ఉన్నది. బుచ్చి. దాని చేతులనే పోయిండు పోరడు. అది బయపడి సస్తది. దానికి జాబు రాయున్రి. నీ తప్పు లేదు బిడ్డా అని రాయున్రి. అమ్మ నిన్నేమనదని రాయున్రి. నేనెట్లన్న అస్త, అప్పటిదాంక పిల్లది గా బయంతోని ఉండొద్దు సారూ."

"ఇవ్వాళే రాస్తాను. పాడు."

ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఆగవ్వ పాడింది, మొదటినుంచీ, ఏడుపు లేకుండా. ఆ పాటే సుప్రజ పంచింది. ఆ పాటే పిల్లలకి నేర్పింది. గొంతులో ఆ నిబ్బరం ఎంత అద్భుతమో అని పుస్తకంలో ఒక పేజీ రాసింది.

జాబు రాలేదని ఎవరూ చెప్పనక్కర్లేదు. రాసి ఉంటే బుచ్చి మేనత్త ఊరికి ఎందుకు పరుగెత్తుతుంది? రాశాడనుకుంది కాబట్టే ఆగవ్వ బిడ్డ ఎదురుగా కూర్చుని చూసింది. జాబు అంది అన్నీ తెలిసిన బిడ్డ ఒక్కసారి అమ్మా అంటుందేమోనని చూసింది. అనలేదు. ఇంక ఆ తల్లి ఏమనుకుని ఉంటుందో మీరే చెప్పండి.

బుచ్చవ్వ ఇయర్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"రమ్మని కబురంపితే నేను పోలే," అంది. ఎవరితో అన్నదో తెలీదు. "మగ్గాలిడిసి రానన్న."

తిరుమల వచ్చి అత్త భుజం మీద చెయ్యి వేసింది. కింద షిఫ్టు మారుతున్నట్టుంది, మగ్గాలు ఒకటొకటే ఆగాయి. గదిలో మొదటిసారి మాట మాటలా వినపడేంత నిశ్శబ్దం వచ్చింది. బుచ్చవ్వ ఆ ఫోన్‌నే చూస్తోంది. ఆవిడ బుర్రలో ఏదో లెక్క తేలుతోందని సుప్రజకి అర్థమైంది. పారిపోవాలనిపించింది.

"నిన్న పిల్లలు పాడినదాంట్ల గీ మాటలు లేవు," అంది బుచ్చవ్వ.

"లేవమ్మా."

"ముందుగాల నాకు పెట్టినదాంట్ల గూడ లేవు."

"లేవు."

"గిన్నేండ్లు దాంట్లనే ఉన్నయి గద మా అమ్మ మాటలు. నాకు చెప్పుమన్న మాటలు. నడుమ ఎవలో తీసేసిండ్రు." బుచ్చవ్వ కళ్ళు ఫోన్ మీదనుంచి లేచి సుప్రజ మొహం మీద ఆగాయి. ఆ చూపులో అనుమానం లేదు, అదే ఘోరం. "గా సారే తీసేసిండా బిడ్డా? తన తప్పు బయటపడతదని?"

ఎంత సుళువు. సుబ్బరామయ్య గారు పోయి చాలా ఏళ్ళయింది, లేచొచ్చి కాదనరు. చేసిన పాపాలు ఆయనకి ఎలాగూ ఉన్నాయి, ఇంకొకటి కలిపితే మోయలేక పడిపోరు. అవునని తలూపితే చాలు. ఈ ఇంటి మెట్లు దిగి ఆటో ఎక్కొచ్చు. టేపులో దొరికిన కొత్త నిజం అని పుస్తకం మలి ముద్రణలో ఒక అధ్యాయం కలపొచ్చు. ఆగవ్వకి న్యాయం చేసిన మనిషి అని మెచ్చుకుంటారు కూడా. సుప్రజకి ఇవన్నీ వరసగా తోచాయి. తోచినందుకు కూడా సిగ్గేసింది.

"కాదమ్మా," అంది. "ఆయన కాదు."

బుచ్చవ్వ కనుబొమలు ముడిపడ్డాయి. గుమ్మంలోంచి ఓంప్రకాష్ ఒక అడుగు లోపలికి వేశాడు.

"మరెవలు?"